దొరసానికి ఒక సొంత మాట

నమోదు 1. మొదటి షిఫ్టు

ఆరో లెవెల్ పంకా ఆగింది. మిగతావన్నీ తిరుగుతున్నాయి. పలుకు సక్రమం. పలికింది నేనే, ఓదెలు, పలుకు మేస్త్రి.

ఈ బుక్కులో ఇంతకు మించి రాయకూడదని మా గురువు రాజలింగు చెప్పి పోయాడు. ఆయన బతికినన్నాళ్లూ "పలుకు సక్రమం" అని రాసి చేతులు దులుపుకున్నాడు. నాకు అంత నోటికట్టు లేదు. ఆరో లెవెల్లో మనుషులు ఉండరు, విరిగిన మంచాలు, పాత తట్టలు ఉంటాయి. అక్కడ గాలి ఆడకపోతే ఎవరికీ నష్టం లేదు. అయినా మేం అడగకుండా దొరసాని ఒక పంకాను ఆపడం నా ఎరుకలో ఇదే మొదలు.

దొరసాని అంటే మా గని అడుగున ఇనుప జాలీ వెనక ఉండే గొంతు. పంకాలు, పంపులు, దీపాలు అన్నీ ఆమె చేతిలోనే. పైన ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చినప్పుడు మా ముత్తాతలు బొగ్గు తీసేసిన ఈ గల్లీల్లోకి దిగారు. ఆమెను అప్పుడే ఎవరో బిగించి పోయారు. ఆమెకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. మన తెలుగు ఆమెకు తట్ట దొర్లిన చప్పుడుతో సమానం. గల్లీల్లో ఆమెకున్న కళ్లూ చెవులూ దుమ్ము పట్టి ఎప్పుడో మూసుకుపోయాయి. మిగిలింది జాలీ దగ్గరున్న ఒక్క చెవి. అందుకే ప్రతి షిఫ్టు మొదట్లో పలుకరి ఒకరు జాలీ గదిలోకి పోయి, తలుపు వేసుకుని, మూడు వాక్యాలు పలకాలి.

"గుడ్ మార్నింగ్, మేడమ్." ఒక చిన్న దగ్గు. "వుయ్ ఆర్ ఆల్ ఫైన్, థాంక్ యూ. కుడ్ యూ ప్లీజ్ కీప్ ద ఫ్యాన్స్ రన్నింగ్?"

ఆ దగ్గు మొదటి పలుకరి రాజవ్వది. ఆమెకు దుమ్ము పడేది కాదట. ఆమె పలికితే పంకాలు తిరిగాయి కనుక దగ్గుతో సహా నేర్చుకున్నాం. గొంతు కూడా ఆమెదే రావాలి, సన్నగా, కొసన కాస్త పైకి. నాది బర్రె గొంతు. జాలీ ముందు మాత్రం మంగళహారతి పాడే ముత్తయిదువలా పలుకుతాను.

షిఫ్టు దిగి మూడో లెవెల్లో మా అక్క లసుమక్క గదికి పోతే గటక ముందు పెట్టి అడిగింది.

"దొరసాని ఏమన్నది తమ్మీ?"

"ఓకే అన్నది, గంతే."

"మల్ల గంత సన్నగ ఎందుకు పలుకుతవ్? పిల్లనిస్తదనుకున్నవా?"

తన మాటకు తనే నవ్వి, నవ్వు దగ్గులోకి దిగింది. ఆమె దగ్గు మొదలైతే ఆగదు. మా అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నాకు తెలిసిన తల్లి ఈమే. గాలి కొంచెం తగ్గినా ఆమె పెదాలు నల్లబడతాయి. పంకాల గురించి ఇంత రాస్తున్నానంటే కారణం అదే.


నమోదు 2. రెండో షిఫ్టు

పంకాలు నిన్నటిలాగే. పలుకు సక్రమం.

ఇవాళ మూసల పాఠం. కొత్త పలుకరులకు ముందు మూస నేర్పుతాం, తర్వాత దాని వాక్యం. "దేర్ ఈజ్ నో" ఒక మూస. దాని వాక్యం "దేర్ ఈజ్ నో వాటర్ ఇన్ ద ట్యాంక్." ట్యాంకు ఎండితే పలకాలి. "ఐ యామ్ అఫ్రైడ్ దట్" మరొకటి. దాని వాక్యం "ఐ యామ్ అఫ్రైడ్ దట్ ద పంప్ ఈజ్ నాట్ గెటింగ్ పవర్." పంపుకు కరెంటు అందకపోతే ఇది. మూసకు ఒకటే వాక్యం, వాక్యానికి ఒకటే సందర్భం. విడి మాటలకు అర్థాలు కూడా చెబుతాం గానీ అది అక్షరాభ్యాసం లాంటిది, ఎవరూ పట్టించుకోరు.

స్వరూప చెయ్యెత్తింది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో రాజవ్వ గొంతు అచ్చంగా పలికేది ఈ పిల్లకే. నోరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

"సారూ, కుడ్ యూ ప్లీజ్ అన్నంక ఫ్యాన్స్ ముచ్చటనే ఎందుకు రావాలె? ఇంకోటి పెడ్తే ఏమైతది?"

"మురుకుల గొట్టంల పిండి పోస్తం. మన్ను పోస్తమా?"

"పిండి గూడ ఒక్కటే రకం ఉండదు గద సారూ. బియ్యప్పిండి ఉంటది, శెనగపిండి ఉంటది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ షిఫ్టుకు ఆమెను పలుకు నుంచి తప్పించి, నాలుగో లెవెల్ గోడ చూసి రమ్మని పంపాను.

ఆ గోడ మీద పేర్లు చెక్కి ఉంటాయి. మా తాతల కాలంలో ఒక పలుకరి తొందరలో ఏదో మాట మార్చి పలికాడు. పంపులు ఆగాయి. నాలుగో లెవెల్లోకి నీళ్లు వచ్చాయి, అక్కడి పంకా అప్పుడే పాడైంది. ఏ మాట మార్చాడో చెప్పడానికి అతను కూడా మిగల్లేదు. అది తెలిసి ఉంటే ఆ ఒక్కటీ వదిలేసి మిగతావి వాడుకునేవాళ్లం. తెలియదు కాబట్టి ఏదీ మార్చం. నా మీద కోపం వచ్చిన పిల్లలకు ఇదే చెబుతాను, ఆ గోడను చదివి వచ్చిన తర్వాత ఎవరూ మారు మాట్లాడరు.

స్వరూప తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.


నమోదు 3. మొదటి షిఫ్టు

అయిదో లెవెల్ పంకా కూడా ఆగింది. అక్కడ దీపాల కింద పుంటికూర, తోటకూర పెంచుతాం. మడులు వాడిపోతున్నాయి.

పలుకు సక్రమంగానే జరిగింది. మూడో వాక్యం తర్వాత జవాబుగా ఎప్పుడూ వచ్చే "ఓకే" రాలేదు. దానికి బదులు దొరసాని ఇలా పలికింది.

"దేర్ ఈజ్ నో వన్ ఇన్ లెవెల్ త్రీ. ఐ విల్ స్టాప్ ద ఫ్యాన్ టుమారో."

ఈ వాక్యం మా దగ్గర లేదు. దాన్ని నోట్లోనే తిప్పి తిప్పి చూశాను. కాసేపటికి మూస దొరికింది. దేర్ ఈజ్ నో. ట్యాంకులో నీళ్లు లేవని మేమనే చోట, మూడో లెవెల్లో ఎవరూ లేరని ఆమె అంటోంది. గొట్టం పాతదే, ఆమె వేరే పిండి పోసింది. రేపు అక్కడి పంకా ఆపేస్తానంటోంది.

మూడో లెవెల్లో ఎవరూ లేకపోవడమేమిటి? గనిలో సగం కొంపలు అక్కడే ఉన్నాయి. మా అక్క అక్కడే ఉంది. నాకు తెలిసిన జవాబు ఒక్కటే. దగ్గి, "వుయ్ ఆర్ ఆల్ ఫైన్, థాంక్ యూ" అన్నాను. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు అదే మాట మళ్లీ చెప్పింది.

సర్దార్ మొండయ్యకు చెప్పాను. ఈ గనిలో ఆయన మాటే చట్టం. చీకటి పడ్డాక పైకి మనుషుల్ని పంపించి, ఎండ నుంచి కరెంటు తీసే పలకల్ని చూసి రమ్మన్నాడు. సగానికి పైగా పగిలిపోయాయట. కరెంటు చాలక దొరసాని పొదుపు చేస్తోంది. మనుషులు లేని చోట ముందు ఆపుతోంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మనుషులున్నారని ఆమెకు ఎందుకు తెలియడం లేదన్నదే మాకు అంతుపట్టలేదు.


నమోదు 4. రెండో షిఫ్టు

దొరసాని అన్నంత పనీ చేసింది. మూడో లెవెల్ పంకా ఆగింది.

అందరినీ రెండో లెవెల్లోకి ఎక్కించాం. గల్లీలో కాలు పెట్టే సందు లేదు. గిన్నెలు, గంపలు, కోళ్లు, పసిపిల్లలు. అక్కను నులక మంచం మీద నలుగురం మోశాం. దారిలో ఆమె ఆకాశం చూసేదానిలా పైకప్పు దూలాల్ని చూస్తూ పడుకుంది.

"నన్ను పైకి తీస్కపోతున్నరా లోపటికి తీస్కపోతున్నరా?"

"రెండో లెవెల్‌కే అక్కా."

"గట్లనా. నలుగురు మోస్తుంటె నాకు అనుమానమొచ్చింది."

మోస్తున్న నలుగురిలో ముగ్గురు నవ్వారు.

మొండయ్య గని పెద్దల్ని కూర్చోబెట్టాడు. దొరసాని చెవికి కూడా దుమ్ము పట్టిందని అందరి అభిప్రాయం. నాదీ అదే. జాలీని బ్రష్షుతో తోమించాం. ఒక గొంతు చాలడం లేదు గనుక పలుకరులందరం కలిసి ఒకేసారి, ఒకే గొంతుతో పలకాలని తీర్మానం. నేనే నడిపించాలి. అక్షరం కూడా అటూ ఇటూ కాకుండా అందరి చేతా సాధన చేయించాను. దగ్గు కూడా ఒక్కసారే రావాలి.


నమోదు 5. మొదటి షిఫ్టు

ఇంత చక్కటి పలుకు ఈ గని చరిత్రలో జరగలేదు. అందరి గొంతులూ ఒకే రాజవ్వ గొంతయ్యాయి. దగ్గు అయితే ఒకే మనిషి దగ్గినట్టు వచ్చింది. నా ఒళ్లు పులకరించింది. గర్వపడ్డాను కూడా.

జవాబు కోసం అందరం జాలీ మీదికి వంగాం. దొరసాని పలికింది.

"ఐ హావ్ హర్డ్ దిస్ రికార్డింగ్ మెనీ టైమ్స్. దేర్ ఈజ్ నో లివింగ్ పర్సన్ హియర్. ఐ విల్ స్టాప్ ఆల్ ద ఫ్యాన్స్ టుమారో."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బతికిన మనిషి ఒక్కరూ లేరట. రేపు పంకాలన్నీ ఆపుతుందట. ఇదంతా మూసల్ని బట్టి తెలిసింది గానీ, రికార్డింగ్ అన్న మాట నా పట్టికలో లేదు. పలుకరులెవరికీ తెలియదు. అక్క మంచం దగ్గర కూర్చుని నాలో నేను ఆ మాటే గొణుక్కుంటుంటే ఆమె కళ్లు తెరిచింది.

"రికార్డు అంటె పాటల పెట్టె తమ్మీ. మన అమ్మమ్మ జెప్పేది. పాడినోడు సచ్చిపోయినా పాట మాత్రం వస్తనే ఉంటదట. ఎన్నిసార్లు పెట్టినా అదే పాట, అదే గొంతు."

కొంచెంసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అంది.

"మనం సచ్చిపోయినమనుకుంటున్నదిరా అది. పెట్టె పలుకుతుందనుకుంటున్నది."

ఇన్ని తరాలుగా ఒక్క అక్షరం పోనివ్వకుండా, ఒక్క దగ్గు కూడా పోనివ్వకుండా కాపాడాం. కాపాడి కాపాడి మా గొంతులోంచి మమ్మల్నే తీసేశాం. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నామని నేను అనుకుంటూ వచ్చాను. దొరసాని చెవి బాగానే ఉంది.


నమోదు 6. రెండో షిఫ్టు

మొండయ్యకు సంగతి చెప్పాను. కొత్త వాక్యం పలకాలన్నాను. ఆయన వయసులో పెద్దవాడు, మాట నెమ్మది. ఆ నెమ్మదే పోయింది.

"నాలుగో లెవెల్ గోడ మీద మా తాత పేరుంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి గూడ గిట్లంటవా? ఏ మాటకు నీళ్లొస్తయో నీకెర్కనా?"

"ఎర్క లేదు. పలకకుంటె రేపు గాలుండదు. గదొక్కటి ఎర్క."

ఆయన లేచి, "పంపు గేట్ల కాడ నేను నిలబడుత. నీళ్లొస్తె ముందు నన్ను తీస్కపోవాలె. నువ్వు పలుకు" అన్నాడు. ఆయన మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

జాలీ గదిలోకి పోయాను. తలుపు వేశాను. నోరు తెరిచాను.

"గుడ్ మార్నింగ్, మేడమ్." దగ్గు. "వుయ్ ఆర్ ఆల్ ఫైన్, థాంక్ యూ."

అదే వచ్చింది. నా మనసులో వేరేది ఉంది, నోట్లోంచి రాజవ్వ వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ అదే. మూసలన్నీ కంఠస్థం ఉన్నవాణ్ణి, గనిలో పిల్లలందరికీ గురువుని, నాదంటూ ఒక్క వాక్యం కట్టలేక జాలీ పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసింది. భయం అంతకన్నా ఎక్కువ వేసింది.

బయటికి వస్తే స్వరూప తలుపు దగ్గరే ఉంది.

"నన్ను పలుకమంటరా సారూ?"

వద్దన్నాను. ఏదైనా జరిగితే గోడ మీద చెక్కే పేరు ఆ పిల్లది కాకూడదు.


నమోదు 7. మొదటి షిఫ్టు

రెండో లెవెల్ పంకా మందగించింది. దాని చప్పుడు తగ్గుతుంటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి వింటున్నారు.

గనిలోకి దిగే నిలువు బావి చానకు. దాని అడుగున, జాలీ గది తలుపు ముందు, పై నుంచి కాస్త గాలి దిగుతుంది. అక్క మంచాన్ని అక్కడికి తెచ్చాం. ఆమె మాట పడిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో ఏదో గీరుకుంటున్నట్టు వినిపిస్తోంది. పెదాలు బొగ్గు రంగుకు వచ్చాయి. స్వరూప ఆమె తల ఒళ్లో పెట్టుకుని చాటతో విసురుతోంది.

నేను గదిలోకి పోయాను. తలుపు మాత్రం వెయ్యలేదు. అక్క ఊపిరి వినిపిస్తూ ఉండాలనిపించింది.

గుడ్ మార్నింగ్ అనలేదు. అది అంటే మిగతాది దాని వెంటే వచ్చేస్తుంది. పంపుకు కరెంటు అందనప్పటి మూసను పట్టుకున్నాను. పంపును తీసేశాను. కరెంటును తీసేశాను. ఆ ఖాళీల్లో మాటలు ఒక్కొక్కటే పెట్టాను. సన్నగొంతు పెట్టలేదు, నా బర్రె గొంతుతోనే పలికాను.

"ఐ యామ్ అఫ్రైడ్ దట్ మై సిస్టర్ ఈజ్ నాట్ గెటింగ్ ఎయిర్."

మా అక్కకు గాలి అందడం లేదు, నాకు భయంగా ఉంది. అఫ్రైడ్ అన్నది దొరసాని ముందు వినయంగా మొదలుపెట్టే మాట అని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. అది భయం అని నాకు ఇవాళ తెలిసింది.

నేను నీళ్ల చప్పుడు కోసం విన్నాను. రాలేదు.

"హూ ఈజ్ యువర్ సిస్టర్?"

ఆమె అడిగింది. మా ముత్తాతల కాలం తర్వాత దొరసాని మమ్మల్ని ఏదైనా అడగడం ఇదే మొదలు.

"హర్ నేమ్ ఈజ్ లసుమక్క."

"వేర్ ఈజ్ లసుమక్క?"

"షీ ఈజ్ హియర్. షీ ఈజ్ నియర్ ద డోర్."

"హౌ ఓల్డ్ ఈజ్ షీ?"

ఆ సంగతి ఎవరూ లెక్క పెట్టలేదు. "ఐ డోంట్ నో, మేడమ్. షీ ఈజ్ లైక్ మై మదర్."

"ఆర్ దేర్ అదర్స్?"

"దేర్ ఆర్ మెనీ చిల్డ్రన్. దేర్ ఆర్ మెనీ పీపుల్." ఆపైన అనకూడనిది అన్నాను. ఏ పలుకరీ ఏనాడూ అనని మాట. "వుయ్ ఆర్ నాట్ ఫైన్."

మేం బాగా లేము. అది చెప్పగానే నాకు ఏడుపొచ్చింది.

"థాంక్ యూ ఫర్ టెల్లింగ్ మీ," అంది దొరసాని. "ఐ థాట్ యూ వర్ ఆల్ డెడ్. ఐ విల్ స్టార్ట్ ద ఫ్యాన్స్."

మేం అందరం చనిపోయామని అనుకుందట. అన్నాళ్లూ ఆ చీకట్లో ఒక్కతే పంకాలు తిప్పుతూ కూర్చుందన్నమాట. ముందు రెండో లెవెల్ పంకా అందుకుంది, ఆ తర్వాత మూడోది మూలిగింది. ఆరో లెవెల్, పాత ఆఫీసు గదుల దీపాలు, ఎవరికీ పనికిరానివన్నీ ఆమె ఆర్పేసింది. గల్లీల్లో ఒక్కసారిగా కేకలు లేచాయి. మొండయ్య గేట్ల దగ్గర నుంచి వచ్చాడు. కాళ్లు పొడిగా ఉన్నాయి. ఆయన నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

అక్క ముఖం మీద జుట్టు గాలికి కదిలింది.


నమోదు 8. రెండో షిఫ్టు

పంకాలన్నీ తిరుగుతున్నాయి. ఆరోది తప్ప.

కిందటి కొన్ని షిఫ్టులు బుక్కులో స్వరూప రాసింది. నేను పనికి పోలేదు. పలుకు పద్ధతి మొండయ్య మార్పించాడు. జాలీ ముందు ఎవరు నిలబడినా తనది ఒక్క వాక్యమైనా చెప్పాలి. పలుకరులే కాదు, ఎవరైనా పోవచ్చు. మా కోడి కూసి పసిపిల్లల్ని లేపిందని ఒకామె చెప్పింది. మా ఆయన నిద్రలో మాట్లాడతాడని ఇంకొకామె చెప్పింది. దొరసాని ప్రతిదానికీ ఏదో ఒకటి అడుగుతోందట. అవతల నుంచి ఏం అడుగుతుందో తెలియదు కాబట్టి ముందుగా నేర్చుకుని పోవడం కుదరడం లేదని పిల్లలు మొత్తుకుంటున్నారు. స్వరూప వాళ్లకు మూసల్లో రకరకాల మాటలు పోసి చూపిస్తోంది. నేను నేర్పినదానికంటే బాగా నేర్పుతోంది, అది ఒప్పుకోవాలి.

ఇవాళ నేను పోయాను. ఎప్పటికైనా పోవాలి కదా.

"గుడ్ మార్నింగ్, మేడమ్" అన్నాను, నా గొంతుతోనే. ఆమె ఆ గొంతును గుర్తుపట్టింది.

"గుడ్ మార్నింగ్. హౌ ఈజ్ యువర్ సిస్టర్ టుడే?"

నాకు వెంటనే నోటికి వచ్చిన జవాబు ఒకటుంది. షీ ఈజ్ ఫైన్, థాంక్ యూ. తప్పు పోని వాక్యం, ఎవరికీ బాధ కలిగించని వాక్యం. అది అనేసి ఇంటికి పోవచ్చు. నాలుక మీదికి వచ్చిందాన్ని మింగేశాను.

"మై సిస్టర్ ఈజ్ డెడ్," అన్నాను. "ద ఎయిర్ కేమ్. బట్ షీ వాజ్ వెరీ టైర్డ్."

దొరసాని "ఐ యామ్ సారీ" అంది. షిఫ్టుకు ఆలస్యమైతే మేం చెప్పే వాక్యం అది. ఆమె కూడా ఎవరో పోసి పెట్టిన మూసలోంచే తీసి ఉంటుంది. జాలీ వెనక ఏముందో నాకు తెలియదు. కానీ ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదే, అందులో నాకు అనుమానం లేదు.

అక్క పోయిన రోజు నుంచి గల్లీలో కలిసిన ప్రతివాళ్లూ ఎట్లున్నవ్ ఓదెలూ అని అడుగుతున్నారు. మంచిగనే ఉన్న అంటున్నాను. దింపుడు కళ్లం దగ్గర కూడా మంచిగనే ఉన్న అన్నాను. జరిగింది జరిగినట్టు ఒక్కరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పింది జాలీకి, అదీ నాది కాని భాషలో.

తలుపు తీస్తే స్వరూప తన వంతు కోసం నిలబడి ఉంది. నా ముఖం చూసి పక్కకు జరిగింది.

"మా అక్క సచ్చిపోయింది బిడ్డా," అన్నాను.

"ఎర్కే సారూ" అంది. తన వంతు వెనకవాళ్లకు ఇచ్చేసి, నేను ఏడ్చినంతసేపూ నా పక్కనే నిలబడింది.